వెనకింటి అక్క, నేరేడు టమాటా

పోయిన నెల మోకాలి నొప్పికి చిక్కబళ్ళాపురంలో డాక్టరుకు చూపించుకొని, బస్సుకు ఇంకా పొద్దుందని కొత్తగా తెరిచిన ఒక పెద్ద అంగడిలోకి పోయినాను. కూరగాయలకు కూడా అద్దాల పెట్టెలు కట్టి చల్లగా పెట్టినారు. ఒక మూల చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, ఎండిన కాగితం లాంటి పొర కప్పుకొని, పొర చీలిన చోట నేరేడు పండు రంగు తేలిన కాయలు కొన్ని కనిపించినాయి. నా పక్కన నిలబడిన ఒకామె, నా ఈడుదే, ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేందమ్మా, గట్ల మీద కాసే బుడ్డకాశ మాదిరి ఉండాది అని నన్నడిగింది. నాకు తెలుసు. ఆ కాయ పేరు తెలుసు, దాని విత్తనం ఎట్లుంటుందో తెలుసు, పసుపుపచ్చని పువ్వు గొంతులో మచ్చలు ఏ రంగో కూడా తెలుసు. అయినా తెలియదన్నట్టు తల ఊపి ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆమె అవతలికి పోయిందాకా ఆగి, ఎవరో చూస్తున్నారేమో అన్నట్టు ఆ డబ్బాను సంచిలో వేసుకొని వచ్చినాను. ఇంత వయసొచ్చినాక కూడా ఒక కాయను చూసి సిగ్గుతో ముఖం వేడెక్కుతుందని నేననుకోలేదు.

నన్ను ఎరిగినవాళ్ళకు ఇది వింతగానే ఉంటుంది, ఎందుకంటే నోరు దాచుకునే మనిషినని నాకు పేరు లేదు. ఎవరు ఎప్పుడు నన్ను ఏమన్నారో, ఏ పెండ్లిలో ఎవరు పలకరించకుండా దాటిపోయినారో, అన్నీ నాకు నిన్న జరిగినట్టే గుర్తుంటాయి. నా పెండ్లినాడు మావాళ్ళు పోసిన పాయసం పలచగా ఉందని, తొండేభావి నుంచి వచ్చిన మా అత్తగారి అక్క పందిట్లో అందరి ముందర గిన్నె వంచి చూపించింది. ఆమె కాలం చేసి చాన్నాళ్ళయింది గాని ఆ గిన్నె వంచిన చెయ్యి, దానికున్న గాజులతో సహా, నాకింకా కనబడుతూనే ఉంది. పెండ్లయిన మొదటి ఉగాదికి నాకు పెట్టిన చీర కంటే పనిమనిషి చీర అంచే వెడల్పుగా ఉండింది. ఒక తూరి చింతామణిలో చుట్టాలింటి గృహప్రవేశానికి పోతే నన్ను మూడో పంక్తి దాకా కూర్చోబెట్టలేదు. ఇవన్నీ మనసులో పెట్టుకొని ఊరుకున్నదాన్ని కాను నేను. పాల డైరీ దగ్గర చెప్పినాను, బట్టలుతికే బండ దగ్గర చెప్పినాను, మా ఆయనకు ముద్ద వడ్డిస్తూ చెప్పినాను, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పినాను. ఇంట్లోవాళ్ళు మొదట్లో జవాబిచ్చేవాళ్ళు, తర్వాత నవ్వేవాళ్ళు, ఆ తర్వాత వినడమే మానేసినారు. వినడం మానేసిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా పుట్టిల్లు బాగేపల్లి పక్కన మెట్ట పల్లె. శెనక్కాయ, రాగి తప్ప వేరే పంట ఎరగము. నన్నిచ్చిన ఊరు చింతామణికీ కైవారానికీ నడుమ ఉంది. అక్కడ అప్పటికే బోరు నీళ్ళతో టమాటా పెట్టి, నీలగిరి కట్టెలు పాతి, పురికొసతో తీగలు లాగి, చింతామణి మండీకి బండ్లకు బండ్లు తోలుతుండిరి. మా అత్తగారింటి టమాటా వచ్చిందంటే మండీలో గంపలు దింపకముందే బేరం చేసేవాళ్ళట. ఆ పేరంతా మా మామది గాని, ఆ చెయ్యి మాత్రం మా అత్తది. నారుమడి దగ్గర గొంతుక్కూర్చొని, వేలంత మొలకను చూసి, ఇది కాస్తుంది ఇది కాయదు అని తీసిపారేసేది, ఆమె ఉంచిన మొలక కాయకపోవడం నేను చూడలేదు. మెట్టసీమ నుంచి వచ్చిన కోడలికి ఆ నారుమడి దగ్గర చెయ్యి పెట్టే అధికారం లేదు. నేను కట్టెలు మోసినాను, కొసలు కట్టినాను, కాయలు ఏరినాను. నారు మాత్రం ముట్టుకోనీలేదు. అది కూడా నేను మరచిపోలేదు.

మా తమ్ముడు అప్పట్లో దొడ్డబళ్ళాపురం వైపు పూలు పెంచే ఒక కంపెనీలో పనిచేసేవాడు. ప్లాస్టిక్ కప్పిన తోటల్లో గులాబీలు పెంచి విదేశాలకు పంపేవాళ్ళు. అక్కడికి వచ్చిన ఎవరో దొర, వీడి పని నచ్చి, తన దేశపు విత్తనాలు కొన్ని కాగితంలో చుట్టి ఇచ్చిపోయినాడట. వాడు వాటిని నాకు తెచ్చి ఇచ్చి, ఇది మన టమాటా చుట్టమేనక్కా, టొమాటిల్లో అంటారు, దీని కాయ బుడ్డలో దాక్కొని ఉంటుంది, ముదిరితే నేరేడు రంగుకు తిరుగుతుంది అని చెప్పి, చెప్పులేసుకొని వాకిలి దాటినవాడు మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకొక మాట చెప్పినాడు. ఒక్క చెట్టు పెట్టొద్దు, తన పువ్వు దుమ్ము తనకు పనికిరాదు, పక్కన ఇంకో చెట్టుండాల, తేనెటీగలు అటూ ఇటూ తిరగాల, లేకుంటే బుడ్డలే వస్తాయి గాని లోపల కాయ ఉండదు అన్నాడు. ఈ మాట నేను బాగా గుర్తుపెట్టుకున్నాను. నాకు జరిగిన అవమానాలు కాకుండా నేను అంత బాగా గుర్తుపెట్టుకున్న మాటలు తక్కువ.

వంకాయ విత్తనం కంటే చిన్నవి, పాలిపోయిన రంగువి. టెంకాయ చిప్పల్లో జల్లించిన ఎరువూ ఎర్రమన్నూ కలిపి పోసి, వేలితో తాకీతాకనట్టు విత్తి, పైన తడి గోనె కప్పి, వంటింటి వెనక ఎండ పడే అరుగు మీద పెట్టినాను. మొదట్లో దారం లాంటి మొలకలు తల వంచుకొని లేచినాయి. అవి మొలిచిననాడు నాకు కలిగిన సంతోషం ఏమని చెప్పాలో తెలియదు. ఆ ఇంట్లో నా చేత్తో మొలిచిన మొదటి పచ్చ అదే. నాలుగాకులు వచ్చినాక మా అత్త వచ్చి చూసింది. ఆమె చూపు ఎప్పుడూ మొలక మెడ మీద ఉండేది. బాగా బలంగా ఉన్నదాన్ని ఒకటి ఎంచి, దీన్ని బండ పక్కన పెట్టు, వాడిన నీళ్ళు పారతాయి, ఇంటి మటుకు ఒకటి చాలు, మిగతావి తీసెయ్యి అన్నది. నేను తమ్ముడి మాట చెప్పినాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

"టమాటాకు జత కావల్లంట. రేపు దానికి పెండ్లి చేద్దామంటాది, ఆ పైన శ్రీమంతం. మీ బాగేపల్లిలో శెనక్కాయకు గూడా మేళం పెట్టిస్తారేమమ్మా" అన్నది.

కూలికి వచ్చిన ఆడవాళ్ళంతా నవ్వినారు. ఆమె తప్పు కూడా కాదేమో. పుట్టినప్పటి నుంచి టమాటా తప్ప చూడని మనిషి, ఆ టమాటా ఒంటిగా గోడ పక్కన పడేసినా గంపెడు కాస్తుంది, దాని చుట్టానికి మాత్రం తోడు కావాలంటే ఎట్లా నమ్ముతుంది. కాని నా కండ్లకు నీళ్ళొచ్చినాయి. మిగతా మొలకలు తీసేస్తూ తీసేస్తూ ఒకదాన్ని మాత్రం చిప్పతో సహా చీర చెరుగులో పెట్టుకొని వెనక గోడ సందు దగ్గరికి పోయినాను.

మా ఇల్లూ వెనకింటి అక్క ఇల్లూ వీపులు ఆనించుకున్నట్టు ఉంటాయి, మాది ఈ వీధి, వాళ్ళది ఆ వీధి. నడుమ మట్టిగోడ ఒక వానకు కూలి, మనిషి పట్టేంత సందు పడింది. కూలిన గోడను మళ్ళీ ఎవరూ లేపలేదు. అక్క మా ఆయనకు దాయాది అన్న భార్య, దిబ్బూరహళ్ళి ఆడపిల్ల, పట్టుపురుగుల పని తెలిసిన ఇంటి నుంచి వచ్చింది. వాళ్ళ పురుగుల ఇల్లు నేను చూసినంతలో ఆ చుట్టుపక్కల లేదు. కాళ్ళు కడుక్కోకుండా ఎవరినీ గడప ఎక్కనిచ్చేది కాదు. పురుగులు జ్వరానికి, అంటే పొర విడవడానికి, పడుకున్నాయంటే గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. చంద్రికలనే వెదురు తట్టల మీద గూళ్ళు కట్టేటప్పుడు పసిబిడ్డ తల్లిలాగా వంగి చెవి పెట్టి వినేది. బయటివాళ్ళ కన్ను పడుతుందని పురుగులను ఎవరికీ చూపించరు గదా, నన్ను మాత్రం లోపలికి పిలిచి చూపించింది. ఆ ఊరిలో నన్ను లోపలికి రమ్మన్న మొదటి మనిషి ఆమె. నా సణుగుడంతా విని, అయిందా, ఇంక కాఫీ తాగు అనేది.

ఆ పొద్దు నేను చిప్ప చాపితే అక్క తీసుకొని, ఎందుకని కూడా అడగలేదు.

"దొంగతనంగా ఇచ్చిన నారు బాగా కాస్తాదంటారమ్మే. నీవూ ఇచ్చినావని అనొద్దు, నేనూ తీసుకొంటినని అనను" అని నవ్వి, సందుకు అవతల గోడ వారన నాటింది. ఎందుకు రెండు కావాలో నేను చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. మా అత్త నవ్విన నవ్వు గురించి చెప్పుకునేసరికే పొద్దుపోయింది.

ఆ రెండు చెట్లూ పోటీ పడ్డట్టు పెరిగినాయి. టమాటా లాగా నిలబడేది కాదు, కొమ్మలు నాలుగు దిక్కులా చాపి పడిపోయేది, నేను నీలగిరి పుల్లలు పాతి కట్టినాను. పసుపుపచ్చని పువ్వులు, గొంతులో గోధుమరంగు మచ్చలు, పొద్దున ఎండ తగలగానే తేనెటీగలు మా పువ్వు మీద వాలి సందులోంచి అటు పోయేవి, అటు నుంచి ఇటు వచ్చేవి. పువ్వు రాలిన చోట చిన్న బుడ్డ, కాగితపు దీపం లాగా, దినదినానికీ ఉబ్బేది, లోపల కాయ పెరిగి పెరిగి బుడ్డ నిండి చివరకు పొర చీలేది. చీలిన చోట ఎండ తగిలి కాయకు నేరేడు రంగు తిరిగేది. నీడన ఉన్న వైపు పచ్చగానే ఉండేది. పొర తీస్తే వేలికి జిగురు అంటేది. నేను కాల్చి, పచ్చిమిరపకాయా శెనగవిత్తనాలూ వేసి నూరితే, పులుపుతో పాటు ఒక తీపి, రాగిముద్దలోకి మా మామ రెండో తూరి అడిగి వేయించుకున్నాడు. నేరేడు టమాటా అని పేరు పెట్టింది వెనకింటి అక్కే. ఊరంతా ఆ పేరే అన్నారు. ఊళ్ళోవాళ్ళు చూడవచ్చినారు, మండీ నుంచి ఎవరో వచ్చినారు, సర్కారు తోటల శాఖ, అదే తోటగారికె ఇలాఖె, నుంచి ఒక సాహెబు గూడా వచ్చి కాయ కోసి చూసి పోయినాడు. అందరికీ మా అత్తే చూపించేది. ఇన్ని మొలకల్లో ఇదొక్కటే కాస్తుందని నేనెంచి పెట్టినాను అని చెప్పేది. నా పేరు చెప్పలేదు. అది నేను పాల డైరీ దగ్గర ఎంతమందికి చెప్పినానో లెక్కలేదు.

ఒక పొద్దు కోడి సందులోంచి అటు దూరితే మా అత్త దాని వెంట పోయి, గోడ వారన రెండో చెట్టును చూసింది. మా ఇంటి విత్తనం మమ్మల్ని అడక్కుండా గోడ దాటి ఎట్లా పోయిందమ్మా అని ఇటు నుంచే అందరికీ వినపడేటట్టు అన్నది. నేనిచ్చినానని నేను చెప్పినాను, వెంటనే చెప్పినాను. నీవు ఇస్తావులే, మా మీద కోపమొస్తే ఇల్లే ఎత్తి ఇచ్చేస్తావు అన్నది. వెనకింటి అక్క ఆ మాటలన్నీ విన్నది. సాయంత్రం ఆమె ఆ చెట్టును వేళ్ళతో సహా పీకి, కాయలతో సహా తెచ్చి, మా వెనక మెట్టు మీద పెట్టి పోయింది. మీ చెట్టు మీకే అని కూడా అనలేదు. ఆ పని చూసి మా అత్తకు ఇంకా మంట ఎక్కువైంది.

తర్వాత ఏం జరిగిందో నా తమ్ముడి మాట విన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. అప్పటికే పట్టిన కాయలు పండినాయి, అయిపోయినాయి. పువ్వులు మాత్రం పూస్తూనే ఉన్నాయి, కొన్ని రాలినాయి, కొన్ని బుడ్డలు కట్టినాయి. చెట్టు నిండా బుడ్డలు వేలాడుతుంటే మా అత్త తొండేభావికి కబురు పెట్టింది. పాయసం గిన్నె వంచిన ఆ పెద్దమ్మ కూతుర్లతో కోడండ్లతో దిగింది. అందరినీ చెట్టు చుట్టూ నిలబెట్టి మా అత్త ఒక బుడ్డ తెంపి చీల్చింది, లోపల ఏమీ లేదు. ఇంకొకటి చీల్చింది, ఖాళీ. ఇంకొకటి, ఇంకొకటి. ఆ పెద్దమ్మ మెల్లగా, కాయ ఏదే చెల్లా, కాగితం పెట్టి పంపిస్తావా మాకు అన్నది. నాకు లోపల సంతోషమే కలిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పాయసం గిన్నె ఇప్పుడు ఎవరి ముందర వంగిందో చూడండి అనుకున్నాను. ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందంటే, పెద్దమ్మ అక్కడే అరుగు మీద కూర్చొని ఇది దిష్టి, చెట్టు పీకి తెచ్చి మెట్టు మీద పెట్టినామె కన్ను అని చెప్పేదాకా.

నా ఈడు వాళ్ళకు తెలుసు, గట్టి దిష్టికి ఉప్పూ మిరపకాయలూ చాలవు, ఎవరి కన్ను అనుకుంటారో వాళ్ళ కాళ్ళ కింద మన్ను కావాలి. మామూలుగా వాళ్ళు నడిచిపోయినాక చూడకుండా ఎత్తుకొచ్చుకుంటారు. మావాళ్ళు అట్లా చెయ్యలేదు. చాటలో ఉప్పూ ఎండు మిరపకాయలూ పెట్టుకొని, చుట్టాలంతా వెంటరాగా, ముందు వీధి చుట్టు తిరిగి, పాలు పోసే వేళకు, డైరీ దగ్గర క్యాన్లు పట్టుకొని నిలబడినవాళ్ళు గూడా చూడడానికి తోడవగా, వెనకింటి అక్క తలవాకిటికి పోయినారు. ఆమె వాకిట్లో పురుగులకు ఆకు కోస్తోంది.

"ఏమనుకోవద్దు తల్లీ, నీ మీద మాకేం కోపం లేదు. కాళ్ళ కింద రవ్వంత మన్నియ్యి, పోతాం" అన్నది మా అత్త. అంత మెత్తగా ఆమె మాట్లాడడం నేను ముందెప్పుడూ వినలేదు.

నేను వెనక నుంచి తోసుకొని ముందుకు పోయి, దిష్టీ లేదు గిష్టీ లేదు, దానికి జత చెట్టుండాల, అక్క చెట్టు పీకించింది మీరే అని గొంతు చించుకొని చెప్పినాను. మా అత్త నా వైపు తిరగను కూడా తిరగలేదు, పాలవాళ్ళ వైపు తిరిగి నవ్వింది.

"మా కోడలి సంగతి మీకు తెలిసిందే కదప్పా. ఆమెకు పొద్దు లేస్తే మా మీద ఏదో ఒకటి ఉండాల."

వాళ్ళూ నవ్వినారు. ఎన్ని పొద్దులు అదే డైరీ దగ్గర నిలబడి నేను చీర అంచు గురించీ మూడో పంక్తి గురించీ చెప్పినానో, వాళ్ళే. నా మాట వాళ్ళకు ఆ పొద్దు చీర అంచు మాదిరే వినపడింది. మా ఆయన గుంపులో వెనక నిలబడి నేల చూస్తున్నాడు. వెనకింటి అక్క మాత్రం కత్తి పక్కన పెట్టి లేచి, ఒక అడుగు పక్కకు జరిగింది, ఆమె పాదం అచ్చు పడిన చోట మా అత్త వంగి, వేలితో మన్ను గీరి చాటలో వేసుకుంది. తీసుకోండమ్మా అన్నది అక్క. ఆ ఇంటి కోడలిని నేను. ఆ చాట పట్టుకున్న గుంపుతోనే నేను వెనక్కి నడిచి రావలసి వచ్చింది. వేరే ఏ ఇంటికి పోతాను.

ఆ మన్ను పొయ్యిలో వేస్తే మిరపకాయలు కమురు కొట్టలేదని, అంటే దిష్టి ఎంత గట్టిదో చూడండని పెద్దమ్మ అన్నది. చెట్టు కాయలేదు. మా అత్త దాన్ని పీకి దిబ్బలో వేసింది. ఆ నెలలోనే సిమెంటు ఇటుకలు తెచ్చి వెనక సందు మూసి, తల కంటే ఎత్తు గోడ లేపినారు. ఆ తర్వాత అక్క ఇంటికి పోవాలంటే ముందు వీధి చుట్టు తిరిగి పోవాలి, అంటే ఆ చాటతో పోయిన దారినే పోవాలి. నాకు కాళ్ళు రాలేదు. ఇయ్యాళ పోదాం, రేపు పోదాం అని, పిల్లల చదువులూ పెండ్లిండ్లూ మా అత్త మామల చావులూ అన్నీ అయిపోయినాయి గాని ఆ దారి పట్టలేదు. పెండ్లిలో పేరంటాల్లో ఎదురైతే ఆమె స్తంభం చాటుకు జరిగి తల తిప్పుకునేది. నాలాగే ఆమె కూడా మరచిపోయే మనిషి కాదు అనుకున్నాను. ఆ కోపానికి ఆమెకు హక్కుందనుకొని, నిజం చెప్పాలంటే, ఆ కోపాన్ని గౌరవించినాను. పురుగుల పని మానేసినారని, పురుగులకు ఆకు పెంచే రేషం తోట తీసి నీలగిరి పెట్టినారని విన్నాను. బోర్లు ఎండిపోయి అందరూ తీస్తున్నారు గదా, అందుకే అనుకున్నాను. జరిగిన అన్యాయం మాత్రం మా పుట్టింట్లో చెప్పినాను, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పినాను, మా అత్త మంచాన పడినాక ఆమెకే మళ్ళీ మళ్ళీ చెప్పినాను.

చిక్కబళ్ళాపురం నుంచి తెచ్చిన డబ్బాను వంటింటి గట్టు మీద పెడితే మా ఆయన చూసినాడు. ఒక కాయ తీసి పొర తడిమి, వెనకింటికి రెండు ఇచ్చిరా అన్నాడు. ఆయన ఆ సంగతి గురించి నోరు తెరవడం అదే మొదటి తూరి. ఆ సాయంత్రం ముందు వీధి చుట్టు తిరిగి పోయినాను. ఎంత దూరమో అనుకున్నది, మోకాలి నొప్పితో కూడా, కాసేపట్లోనే వచ్చేసింది, అది నాకు ఇంకా సిగ్గయింది. అక్క ఒక్కతే ఉంది, బావ పోయి కొన్నేండ్లయింది. నన్ను చూసి కుర్చీ జరిపి, ముఖం వాకిలి వైపు పెట్టుకొని కూర్చుంది. నేను కాయలు చేతిలో పెడితే వాటి వైపు చూడకుండానే పొర తడిమి గుర్తుపట్టింది.

"మీ చెట్టు మళ్ళా కాసిందామ్మే, ఆ మన్ను తీసుకొనిపోయినాక" అని అడిగింది.

లేదక్కా అన్నాను. ఆమె ముందే తెలిసినట్టు తల ఊపింది.

"అంత గట్టిగా తగిలిందన్నమాట."

ఆమె ఏమంటోందో నాకు మొదట అర్థం కాలేదు. ఆమే మెల్లగా చెప్పింది. ఆ గుంపు పోయిన తర్వాత పెట్టిన పురుగులకే పాలరోగం వచ్చి, ఒళ్ళు పగిలి, తట్టలకు తట్టలు పారబోసినారట. అంతకుముందు ఆమె చేతిలో అట్లా ఎన్నడూ కాలేదు. మీ అత్త అన్నది నిజమే, కన్ను చెడ్డదైపోయింది అనుకున్నదట. పురుగుల ఇంట్లోకి పోవాలంటే భయమేసి, పోవడం మానుకున్నదట, ఆమె లేకుండా బావకు చేతకాక పని ఎత్తేసినారట. తర్వాత తర్వాత చూలాలు ఎదురైతే పక్క సందులోకి తిరిగేదట, బాలింత ఇంటికి పోయేది కాదట, పెండ్లిండ్లలో స్తంభం చాటున నిలబడేది నా ముఖం చూడలేక కాదు, నా చంకలోని బిడ్డను చూడకూడదని. ఇదంతా తప్పు ఒప్పుకున్నట్టు చెప్పింది. చెప్పి, మీ చెట్టు నావల్ల పాడైంది, ఏమనుకోవద్దు అన్నది.

అక్కా దానికి జత కావాల, నీ చెట్టు ఉన్నన్ని దినాలూ మా చెట్టు కాసింది నీ పువ్వుల వల్లే, నీది పోయినాక దానికి తోడు లేకపోయింది, అంతే, ఆ పొద్దు నేను చెప్పినాను గదా, నీ వాకిట్లోనే నిలబడి చెప్పినాను గదా అన్నాను. ఆమె గుర్తు తెచ్చుకున్నది.

"అరిచినావు. మీ అత్త మీద ఏదో అంటాండావు, అది మీ ఇంటి పంచాయితీలే అనుకొంటి."

ఆ పైన కాయను ఒళ్ళో పెట్టుకొని, పొరను తీస్తూ తీస్తూ, అయితే నా కండ్లు కాదా అన్నది. కాదక్కా అన్నాను. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు.

"ముందే చెప్పింటే పురుగులు మేపుకొనుంటిని గదమ్మే" అన్నది. అంతే అన్నది.

ఇప్పుడు మా ఊళ్ళో కాళ్ళ కింద మన్ను అడిగేవాళ్ళు లేరు. చాట పట్టుకొని గుంపుగా ఒకరింటికి పోయే తీరిక ఎవరికీ లేదు, పాల డైరీ దగ్గర గూడా ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ నిలబడతారు. మా పిల్లలకు ఈ కథ చెబితే నవ్వుతారు, ఒక పువ్వు దుమ్ముకు ఇంత రచ్చ చేసినారా అంటారు. మంచిదే, నవ్వనీ. టమాటా నారు కూడా ఇప్పుడు నర్సరీల నుంచి ట్రేలలో వస్తుంది, మొలక మెడ చూసి చెప్పగలిగిన మనిషి లేదు, ఇంటి వెనక నాలుగు మొలకలు లేచినాయని గోడ దగ్గరికి పరుగెత్తే కోడలూ లేదు. సందులన్నీ మూసినారు, నారు అడగడానికి ఎవరూ ఎవరింటికీ పోరు. నా ఫిర్యాదులు మాత్రం వినేవాళ్ళు ఎవరున్నారని చెప్పుకోవాలి. అన్ని చోట్లా అంతమందికి చెప్పినదాన్ని, ఆ ఒక్క మాట చేరవలసిన మనిషి మా గోడకు అవతలే గిన్నెలు తోముకుంటూ ఇన్నేండ్లు ఉంటే, ఆమెకు చేర్చలేదు. ఎవరి మీద చెప్పుకుంటాను ఇది.

ఇప్పుడు రెండు మూడు దినాలకొక తూరి అక్క ఇంటికి పోతున్నాను. నేను చెప్పింది నమ్మినాను అంటుంది. పోయిన వారం మా కూతురు తన పసిబిడ్డతో వస్తే, కావాలనే ఎత్తుకొని పోయి అక్క ఎదుట నిలబడినాను. బిడ్డ ఏడుపు వినగానే అక్క ముఖం గోడ వైపుకు తిరిగిపోయింది. తిప్పుకోవాలని తిప్పుకున్నట్టు లేదు, అలవాటు మీద తిరిగింది. కాసేపటికి ఆ గోడ వైపు నుంచే, ఎవరి పోలికమ్మే అని అడిగింది. ముక్కు మా ఆయనది, నుదురు మా తమ్ముడిది, అని నేను నిలబడి చెబుతూ పోయినాను, ఆమె తల ఊపుతూ వింటూ ఉంది.